లోకల్‌హోస్ట్ అని రాసినా అన్ని లైబ్రరీలూ ఒకే దారిన పోవు

ఒకే లినక్స్ కంప్యూటర్‌లో, లోకల్‌హోస్ట్ (అంటే ఈ కంప్యూటరే) అన్న చిరునామాతో, అదే పాస్‌వర్డుతో పీహెచ్‌పీ నుంచి మైఎస్‌క్యూఎల్ డేటాబేసు పలుకుతోంది, జావా నుంచి మాత్రం కనెక్షన్ నిరాకరణ అని వస్తోందని మీరు అన్నారు. పాస్‌వర్డును వదిలేయండి. వ్యవహారం ఇంకా అంత దూరం వెళ్లనే లేదు.

నాకు ఇదే చిక్కు గుంటూరు మిర్చి యార్డులో, ఒక కమీషన్ కొట్టులో ఎదురైంది. మార్చి నెల, మంచి సీజను. తూకాలు ఎక్కించే పాత పీహెచ్‌పీ ప్రోగ్రాం నడుస్తోంది, నేను జావాలో రాసిన బిల్లుల ప్రోగ్రాం మొండికేసింది. ఘాటుకు తుమ్ముతూనే పాస్‌వర్డు నాలుగుసార్లు మార్చాను. "బాబూ, రైతు నిలబడి ఉన్నాడు" అని యజమాని రెండుసార్లు గుర్తు చేశారు.

చివరికి ఎస్‌ఎస్ (ss) ఆదేశంతో తెరిచి ఉన్న పోర్టులు, అంటే నెట్‌వర్కు తలుపుల సంఖ్యలు చూస్తే మైఎస్‌క్యూఎల్‌ది, 3306, లేనే లేదు!

మైఎస్‌క్యూఎల్ డీమన్‌ను, అంటే వెనక నడుస్తూ ఉండే సర్వరు ప్రోగ్రాంను చేరడానికి రెండు దారులున్నాయి. వీధి వాకిలి టీసీపీ అనే నెట్‌వర్కు దారి, మామూలుగా 3306 పోర్టు. పెరటి గుమ్మం యూనిక్స్ సాకెట్, ఒకే కంప్యూటరులోని ప్రోగ్రాంలు మాట్లాడుకునే దారి. అది ఫైలులా కనిపిస్తుంది గానీ అందులో ఏమీ ఉండదు. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ ఆదేశంతో వివరంగా చూస్తే వరుస మొదట్లో ఎస్ అక్షరం, సైజు సున్నా. లోకల్‌హోస్ట్ అన్న పేరు చూడగానే పీహెచ్‌పీ లైబ్రరీ పెరట్లోకి పోతుంది. జావా కనెక్టరు వేరేగా చెప్పకపోతే వీధి వాకిలే తడుతుంది. పైథాన్‌లో మరీ తిరకాసు: సీ లైబ్రరీ మీద కట్టిన మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ అనే లైబ్రరీ పెరటి దారి పడుతుంది, పైమైఎస్‌క్యూఎల్ అనే మరొకటి సాకెట్ చిరునామా ఇస్తే తప్ప అటు పోదు. దారి ఏదైనా లోపల నడిచే ప్రోటోకాల్ ఒక్కటే.

ఆ కొట్టులో ఎవరో సెట్టింగుల ఫైలులో స్కిప్-నెట్‌వర్కింగ్ అని రాసి వీధి తలుపు మూసేశారు. భద్రత కోసమే అయి ఉంటుంది, తప్పుపట్టలేను. ఆ వరుస తీసి, బైండ్-అడ్రస్ 127.0.0.1 (ఈ కంప్యూటరు తనకు తానే వాడుకునే చిరునామా) అని పెట్టి సర్వరు మళ్లీ మొదలుపెట్టాను. బయటి యంత్రాలకు తలుపు మూసే ఉంది, జావాకు తెరుచుకుంది.

మీరు ముందు పీహెచ్‌పీలోనే లోకల్‌హోస్ట్ తీసి 127.0.0.1 రాసి చూడండి. అదీ ఆగిపోతే మీదీ ఇదే కథ. ఆగకపోతే జావాలో ఇచ్చిన పోర్టు సంఖ్య సరిచూడండి. జావా ప్రోగ్రాం డాకర్ కంటైనరులో, అంటే వేరే యంత్రంలా విడిగా నడిచే పెట్టెలో ఉంటే మాత్రం అక్కడ లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే.