రాత్రి 11కి ఆగాల్సిన వైఫై తెల్లవారుజామున 4:30కి ఆగుతోందంటే టైమ్ జోనే

పిల్లలు ఫోన్లు వదలడం లేదని రాత్రి 11కి వైఫై ఆగేలా రౌటర్‌లో పెట్టారు, అదేమో తెల్లవారుజామున 4:30కి ఆగుతోంది, రౌటర్ పాడైందా అని అడిగారు. తేడా ఎంతో చూడండి, సరిగ్గా ఐదున్నర గంటలు. అంటే గడియారం బాగానే ఉంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే గ్రీన్‌విచ్ టైమ్‌లో నడుస్తోంది. కొత్తది కొనక్కర్లేదు, రీసెట్ కూడా వద్దు.

బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి లాగిన్ అవ్వండి. కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద చూడొచ్చు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో టైమ్ అని ఉంటుంది. మన దేశ టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర నుంచే వెళ్తుంది గానీ, ఆ జాబితాలో కాకినాడ వెతక్కండి! చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని +5:30 ఉంటుంది, అది పెట్టండి. పక్కనే ఉండే కాఠ్మాండూ నొక్కితే పావుగంట ముందుకెళ్తుంది. డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాన్ని ముందుకి జరపడం) టిక్కు ఉంటే తీసేయండి, అది మనకి లేదు.

తేదీయే తప్పుంటే మాత్రం కథ వేరు. మాది పలాస వైపు, గాలి గట్టిగా వీస్తే చాలు కరెంటు పోతుంది. ఇళ్లలో వాడే రౌటర్లలో చాలావాటికి గడియారం నడిపే బ్యాటరీ ఉండదు. ఆగి వెలిగితే టైమ్ మర్చిపోయి, నెట్ వచ్చాక, సరైన టైమ్ చెప్పే ఎన్‌టీపీ సర్వర్‌ని అడిగి సరిచేసుకుంటాయి. కరెంటొచ్చినా ఫైబర్ తెగి ఉంటే ఎవర్నడుగుతాయి? మా చిన్నాన్న జీడిపప్పు కొట్టులో ఒకసారి 1970 జనవరి 1 చూపించింది. "ఇదేట్రా, నేను పుట్టకముందుకి ఎల్లిపోనాది" అన్నాడాయన.

నెట్ వచ్చినా తేదీ మారకపోతే ఎన్‌టీపీ సర్వర్ దగ్గర 216.239.35.4 అని అంకెల్లోనే రాయండి, అది గూగుల్ టైమ్ సర్వర్. పేరు రాస్తే ఒక్కోసారి పనిచేయదు. పేరుకి అంకెల అడ్రస్ వెతికిపెట్టేది డీఎన్‌ఎస్. రౌటర్‌లో ఎన్‌క్రిప్టెడ్ డీఎన్‌ఎస్ (ఆ వెతుకులాట రహస్యంగా జరిగేది) ఆన్ చేసి ఉంటే, పాత తేదీ వల్ల ఆ సర్వర్ చూపే గుర్తింపు సర్టిఫికెట్ చెల్లక ఆ పేరుకి అడ్రసే దొరకదు. టైమ్ కోసం అడ్రస్ కావాలి, అడ్రస్ కోసం టైమ్ కావాలి, అదీ గొడవ.

ఫోన్‌లో టైమ్ సరిగ్గానే ఉందిగా అనుకోకండి. ఫోన్ టవర్ నుంచో, నెట్‌లోని టైమ్ సర్వర్ నుంచో తీసుకుంటుంది, రౌటర్ గడియారాన్ని అడగదు. సెట్ చేశాక రాత్రి 11 దాకా కూర్చోకుండా, షెడ్యూల్‌ని పది నిమిషాల తర్వాతకి మార్చి చూడండి, తేలిపోతుంది.