నోటుబుక్కుల దిద్దుబాటు ఇంటిదాకా రాకుండా ఉండాలంటే

రాత్రి పదకొండైనా పిల్లల నోటుబుక్కులు దిద్దడం తెమలడం లేదని, ఇంట్లో పాపతో కాసేపు కూర్చునే వీలు కూడా ఉండటం లేదని, తాను నెమ్మది కావడమే కారణమా అని ఒక లెక్కల టీచరు అడిగారు. కారణం మీ నెమ్మదితనం కాదండీ. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల పుస్తకాలు ఒకే రోజు తీసుకుంటున్నారు, పైగా కనిపించిన ప్రతి తప్పునూ మీరే దిద్దుతున్నారు.

1. రోజుకు ఒక్క తరగతివే తీసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: పని ఇచ్చేటప్పుడే ఏం చూస్తారో తేల్చుకుని బోర్డు మీద రాసేయండి. భిన్నాల కూడికైతే "ఈసారి హారాలు సమానం చేశారా లేదా, అదే చూస్తాను" అని. అప్పుడు 1/2 + 1/3 = 2/5 అని రాసిన పుస్తకంలో మీ కన్ను నేరుగా ఆ మెట్టు దగ్గరే ఆగుతుంది. అక్కడ గీత గీసి వదిలేయండి. జవాబు మాత్రం రాయొద్దు, మర్నాడు పిల్లలే సరిచేసుకోవాలి. మనం ఎర్ర సిరాతో రాసిచ్చింది చాలామంది చదవను కూడా చదవరు, మార్కు చూసి మూసేస్తారు.

3. దిద్దాల్సిన పేజీ తెరిచి ఉంచే పుస్తకాలను దొంతరగా పెట్టించండి. పేజీ వెతకడానికే బోలెడు సమయం పోతుంది.

ఒకే తప్పు నలుగురైదుగురు చేస్తే విడివిడిగా రాయకండి, క్లాసులో ఒక్కసారి చేసి చూపించండి.

పరీక్ష పేపర్లకు ఇది పనికిరాదు. అవి పూర్తిగా దిద్దాల్సిందే.