సబ్బుకు రాని నురగ రాగికెలా వస్తుంది?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పెదజాలారిపేట. వేట నుంచి వచ్చాక సముద్రపు నీళ్ళతో చేతులు కడిగితే సబ్బు నురగే రాదు, తెట్టె కడుతుంది. చిలీలో మాత్రం ఆ ఉప్పునీళ్ళతోనే నురగ తెప్పించి రాగి తీస్తారని కాలేజీలో విన్నాను. నిజమేనా?
— డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: నిజమే బాబూ. నీ చేతులతో చూసినదాన్ని పట్టుకుని అడిగావు, చాలా సంతోషమేసింది.

చిలీ ఉత్తరాన ఉన్న అటకామా ఎడారిలో వాన పడటమే అపురూపం. రాగి మాత్రం కొండలకొద్దీ ఉంది. అక్కడి ఎస్పెరాంజా గని 2011లో మొదలైంది. దాన్ని ఉప్పు తీయని సముద్రపు నీటితోనే నడిచేలా కట్టారు. నీళ్ళు పైపులో 145 కిలోమీటర్లు వెళ్ళి సుమారు 2,300 మీటర్ల ఎత్తుకు ఎక్కుతాయి. మన అరకు ఎత్తుకు రెట్టింపు దాటింది! కరెంటు బాగా ఖర్చవుతుంది. అయినా ఎడారిలో ఉన్న కాసిని ఊటనీళ్ళు అక్కడి పల్లెలకే మిగలాలి కాబట్టి, ఆ ఖర్చు పెట్టాల్సిందేనంటాను.

ఇక నురగ సంగతి. రాయిని మెత్తగా నూరి, నీళ్ళలో కలిపి, శాంథేట్ అనే మందు వేస్తే రాగి రేణువులకు తడి అంటదు. గాలి కొడితే అవి బుడగల్ని పట్టుకుని పైకి తేలతాయి. సబ్బయితే నీళ్ళలోని మెగ్నీషియం, కాల్షియంతో కలిసి తెట్టె అయిపోతుంది. గనుల్లో నురగకు ఎక్కువగా ఆల్కహాల్ జాతి మందులు వాడతారు, వాటికి ఆ బెడద లేదు. పైగా ఉప్పునీళ్ళలో బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా చిన్నచిన్నగా నిలబడతాయి. అల విరిగిన చోట ఆ తెల్లదనం నువ్వు రోజూ చూసేదే.

అసలు చిక్కు సున్నంతో. రాగితోపాటు పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన, మనకు అక్కర్లేని ఖనిజం) కూడా తేలబోతుంది. దాన్ని అణచడానికి మామూలుగా సున్నం వేసి పీహెచ్ 10 దాటిస్తారు. ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో ఆర్కే బీచ్ నుంచి ఐదు లీటర్ల క్యాన్‌తో నీళ్ళు తెచ్చాను. రాతిపొడి కలిపే ముందు ఉత్త నీళ్ళలో సున్నం వేసి చూశాను. ఎంత వేసినా మీటరు ముల్లు పది దగ్గరే మొరాయించింది. మీటరు పాడైందేమోనని ఒకటే టెన్షన్. బీకరులోకి చూస్తే నీళ్ళు పాలు విరిగినట్టున్నాయి. నేను వేసిన సున్నాన్నంతా మెగ్నీషియం తినేసి, తెల్లటి హైడ్రాక్సైడై దిగుతోంది! రాగితోపాటు దొరికే, మాలిబ్డినం లోహాన్నిచ్చే మాలిబ్డినైట్‌కు ఈ తెలుపు అంటుకుంటే అది సరిగా తేలదు. అందుకే ఉప్పునీళ్ళు వాడేటప్పుడు పీహెచ్‌ను అంత పెంచకుండా, పైరైట్‌ను అణచడానికి సోడియం మెటాబైసల్ఫైట్ లాంటివి వాడే పద్ధతి ఉంది.

ఉప్పునీళ్ళు తెచ్చే తుప్పు గురించి విశాఖవాడికి చెప్పక్కర్లేదు, మన కిటికీ గ్రిల్స్ చూస్తే చాలు. చివరగా వచ్చిన రాగిపొడిని మాత్రం ఉప్పు తీసిన నీళ్ళతో కడగాలి. క్లోరైడు మిగిలితే కొలిమివాళ్ళు ధర కోస్తారు.

నువ్వూ చేసి చూడు. ఒక గాజు గ్లాసులో సముద్రపు నీళ్ళు, ఇంకోదాంట్లో ఫిల్టర్ నీళ్ళు పోసి, రెండింట్లో కొంచెం కొంచెంగా సున్నపు తేట వెయ్యి. కళ్ళల్లో పడకుండా జాగ్రత్త. ఏ గ్లాసులో ఎప్పుడు తెల్లబడిందో నాకు రాయి.