పుస్తకాల మీద రాయబోతున్న ప్రోగ్రామర్ తమ్ముడికి

హైదరాబాద్

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు చేత్తో రాసి పంపిన మూడు వ్యాసాలూ శ్రద్ధగా చదివాను. సాఫ్ట్‌వేర్ పుస్తకాన్నీ, వ్యాపార పుస్తకాన్నీ, నవలనూ ఒకే తూకపు రాయితో తూచి, ప్రతిదాని చివరా "తప్పక చదవాలి" అన్నావు. పుస్తకంలో ఏముందో అట్ట వెనుకే అచ్చు వేస్తారు. అది నీ పనిలో ఎక్కడ తగిలిందో నువ్వు చెబితేనే మాకు తెలుస్తుంది.

ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ప్రచురించిన 'ది మిథికల్ మ్యాన్-మంత్' నాకు అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద పోసిన పాత పుస్తకాల కుప్పలో దొరికింది. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపించిన ఆయన, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి మనుషులను చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని అందులో రాశాడు. బాగుందనుకుని బీరువాలో పెట్టేశాను. కొన్నేళ్లకు మాదాపూర్‌లో నేను పనిచేసే చోట రిలీజు వెనకబడితే, ఐదుగురం ఉన్న టీములోకి మరో ఐదుగురిని తెచ్చారు. ఐదుగురిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జతలు 10. పదిమంది అయ్యేసరికి అవి 45. బిల్లింగ్ మాడ్యూల్లో, అంటే బిల్లుల పని చూసే ప్రోగ్రాము భాగంలో, ఒకే తేదీని రెండుచోట్ల ఎందుకు ఉంచామో కొత్తవాళ్లలో ఒక్కొక్కరికీ విడిగా చెప్పుకుంటూ, రెండు వారాల పాటు ఒక్క లైను కోడ్ కూడా రాయలేకపోయాను. ఆ రోజుల్లోనే ఒక రాత్రి బీరువా తెరిచి ఆ అధ్యాయం మళ్లీ చదివాను. ఆ పుస్తకం మీద రాసే అర్హత నాకు అప్పుడే వచ్చిందని నమ్ముతాను.

దాని 1995 కూర్పులో బ్రూక్స్, మాడ్యూలు లోపలి వివరాలను బయటివారికి కనబడనీయకూడదన్న కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ వాదమే సరైనదనీ, తాను పొరబడ్డాననీ ఒప్పుకున్నాడు. నీ అభిప్రాయం మారినప్పుడు పాతదాన్ని చెరిపేయకు. ఏ పని చూసి మారిందో దాని పక్కనే రాయి.

వ్యాపార పుస్తకాలను నేను అనుమానంతోనే తెరుస్తాను. గెలిచిన కంపెనీలను ఏరి, వాటన్నిటిలో కనిపించిన లక్షణాలనే గెలుపుకు కారణాలుగా చూపడం వాటిలో చాలావాటికి అలవాటు. 1982లో వచ్చిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ ఎక్సలెన్స్' మెచ్చుకున్న కంపెనీల్లో కొన్ని కొద్ది ఏళ్లకే ఇబ్బందుల్లో పడ్డాయి. అవే లక్షణాలుండి మూతపడినవాటి లెక్క ఏ పేజీలో ఉందో వెతికి, లేకపోతే లేదని రాయి.

రావిశాస్త్రి 'అల్పజీవి' మీద రాసిన వ్యాసం చివర "మేనేజర్లకు ఐదు పాఠాలు" అని చూసి నిజంగా బాధపడ్డాను. కథానాయకుడు సుబ్బయ్య పిరికితనం ఎవరికో ఉపయోగపడాలని నవలలోకి రాలేదు. అయితే మొదటి పేజీలో నువ్వు రెండు వాక్యాలు రాసి కొట్టేశావు. గీత కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. రివ్యూ మీటింగులో తప్పు ఎక్కడుందో తెలిసి కూడా, క్లయింటు ముందు నోరు పెగలక, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్న టెస్టర్ గురించి అవి. ఆ అబ్బాయిని సుబ్బయ్య పక్కన కూర్చోబెట్టు. ఐదు పాఠాలూ తీసేసి, ఆ రెండు వాక్యాలతోనే మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

వచ్చే ఆదివారం అబిడ్స్‌కు వస్తే నా బ్రూక్స్ ప్రతి నీకిస్తాను. అంచుల్లో పెన్సిలు రాతలు రెండుసార్లవి ఉన్నాయి. ఏవి ముందువో, ఏవి మాదాపూర్ తర్వాతవో చదివితే నీకే తెలుస్తుంది.

శుభాకాంక్షలతో,
మీ అన్నయ్య