పైపు తీశాక తడుస్తోందని దిగులుపడే తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

ప్రోస్టేట్‌కు లేజర్ ఆపరేషన్ అయ్యి, మూత్రం పైపు కూడా తీసేశాక సింగరాయకొండ చేరావని మరదలు ఫోనులో చెప్పింది. దగ్గినా లేచినా పంచె తడుస్తోందని నువ్వు గది దాటి రావడం లేదట. ఈ సంగతులు నలుగురూ వింటుండగా మాట్లాడుకునేవి కావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ఆ కారడం మామూలే. బత్తాయి తొక్క ఉంచి తొనలు తీసినట్లు, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో మూత్రానికి అడ్డుగా పెరిగిన లోపలి భాగాన్ని లేజర్‌తో ఒలిచేశారు. మూత్రాన్ని ఆపే పని ఇక ప్రధానంగా గ్రంథికి కింద, మూత్రనాళం చుట్టూ ఉండే కండరానిదే. అది బలం పుంజుకోవడానికి చాలామందికి కొన్ని వారాలు, కొందరికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. దీనికి మాత్రల కంటే కసరత్తే ముఖ్యం. అపానవాయువును ఆపుకొన్నట్లు బిగించి, 5 సెకన్లు ఉంచి, మళ్లీ అంతసేపు వదులుగా ఉంచు. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. పొట్ట బిగించకు, ఊపిరి బిగబట్టకు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని ఎవరైనా చెబితే వినకు. లేచే ముందు, దగ్గే ముందు ఒకసారి బిగించు. అది కుదిరేదాకా ప్యాడ్ పెట్టుకుని వీధిలోకి వెళ్లు.

మాటిమాటికీ వెళ్లాలనిపించడం, మంట, ఇవి వేరు. ఏళ్ల తరబడి అడ్డును తోసుకుంటూ పనిచేసిన మూత్రాశయం ఒక్కరోజులో కుదుటపడదు. భయపడి నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే రెండు, రెండున్నర లీటర్లు తాగు, అదీ ఎక్కువగా పగలే. కాఫీ తగ్గించు. చేపల పులుసులో కారం కూడా కొన్నాళ్లు తగ్గించమను, మరదలు మూతి ముడుచుకున్నా సరే.

తేటపడిన మూత్రం రెండో వారంలో మళ్లీ ఎర్రబడవచ్చు. లోపలి పుండు పొక్కు ఊడితే అలా అవుతుంది. నీళ్లు బాగా తాగి విశ్రాంతి తీసుకుంటే సాధారణంగా తేటపడుతుంది. ముక్కడం, బియ్యం బస్తా ఎత్తడం, బైకు మీద ఒంగోలు వెళ్లడం నాలుగు నుంచి ఆరు వారాలు కట్టిపెట్టు. రక్తం పలచబరిచే మాత్రలు డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకు, మానకు.

మూత్రంలో రక్తపు గడ్డలు పడుతున్నా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లు. నెలలు గడిచాక ధార మళ్లీ సన్నబడితే లోపల మచ్చకట్టి దారి ఇరుకై ఉండవచ్చు, చూపించుకో.

డాక్టర్లు హడావిడిగా దాటేసే మాట ఒకటుంది. ఇకపై వీర్యం బయటకు రాకుండా మూత్రాశయంలోకి పోవచ్చు. దానివల్ల ఒంటికి హాని లేదు. తీసిన ముక్కల పరీక్ష రిపోర్టు మాత్రం అడిగి తీసుకో. ప్రోస్టేట్ బయటి పొర మిగిలే ఉంటుంది కనుక, అందులో క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకో.

మందుల షాపులో ప్యాడ్లు అడగడానికి మొహమాటమైతే చెప్పు, ఆదివారం కావలి నుంచి వస్తూ నేనే తెస్తాను. నడుము కొలత పంపు.

మీ అన్నయ్య