రిజిస్టరులో ఖాళీ గడి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలో ఆసుపత్రులకు డబ్బు చెల్లించే పద్ధతి ఎలా మారుతోందో మన పాఠకులకు చెప్పాలనుకోవడం నాకు నచ్చింది. కానీ మొదటి పేరాలోనే ‘జనాభా ఆరోగ్య నిర్వహణ’, ‘విలువ ఆధారిత వైద్యం’ అని రాసేశావు. జనాభా అంటే మనవాళ్లకు కుటుంబ నియంత్రణ గోడరాతలు గుర్తొస్తాయి. విలువ అంటే నీతిపాఠం అనుకుంటారు. పదాలు తెలుగులోకి వచ్చాయి గానీ భావం ఇంకా రాలేదు.

వాళ్లకు తెలిసిన చోట మొదలుపెట్టు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ‘ప్యాకేజీ’ అంటే ఏమిటో పల్లెల్లోనూ తెలిసింది. ఫలానా ఆపరేషనుకు ఇంత. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి డబ్బు ముడుతుంది. అసలు ఆ అవసరమే రాకుండా పదేళ్లు బీపీ అదుపులో ఉంచిన డాక్టరుకు ఆ ప్యాకేజీలో ఏమీ లేదు. అమెరికా కూడా చాలాకాలం చేసిన పనికల్లా డబ్బు చెల్లిస్తూ వచ్చింది. 2010 నాటి ఆరోగ్య చట్టం తర్వాత, 65 ఏళ్లు దాటినవారికి ప్రధానంగా బీమా ఇచ్చే మెడికేర్ ఒక కొత్త ఒప్పందం తెచ్చింది. డాక్టర్లు, ఆసుపత్రులు ఒక బృందంగా కలిసి కనీసం 5,000 మంది బాధ్యత తీసుకోవాలి. నాణ్యత చెడకుండా ఖర్చు తగ్గిస్తే మిగులులో వాళ్లకూ వాటా ఉంటుంది. నువ్వు ‘విలువ ఆధారిత వైద్యం’ అన్నది ఇలాంటిదాన్నే. ఈ సంగతికి ఇంతకంటే ఎక్కువ చోటు ఇవ్వకు.

నీ వ్యాసంలో లేనిది వేరే ఉంది. మన ఏఎన్ఎమ్ రిజిస్టరు ఎప్పుడైనా చూశావా? ఊళ్లో 30 ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగరు చూడాలి. పేరు ఉంటుంది, ఇంటి నంబరు ఉంటుంది, బీపీ గడి ఖాళీగా ఉంటుంది. ఆ మనిషి కూలికి పోయి ఉండవచ్చు, వలస వెళ్లి ఉండవచ్చు, భయపడి రాకపోయి ఉండవచ్చు. వచ్చినవారికి వైద్యం చేయడం అందరికీ తెలిసిన పనే. ‘జనాభా ఆరోగ్య నిర్వహణ’ అని నువ్వు రాస్తున్న విషయమంతా ఆ రానివారి గురించి. నీ వ్యాసంలో ఉన్నవాళ్లందరూ ఆసుపత్రిలో ఉన్నవాళ్లే.

అంకెలు కూడా రానివారిని మాయం చేస్తాయి. 2019లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అదనపు సాయం ఎవరికి కావాలో ఎంచడానికి అమెరికాలో విస్తృతంగా వాడుతున్న ఒక కంప్యూటర్ పద్ధతిని పరిశీలించారు. అది రోగం ఎంత ఉందో చూడలేదు, ఖర్చు ఎంత కాబోతుందో అంచనా వేసింది. నల్లజాతివారి వైద్యానికి తక్కువ ఖర్చవుతోంది కాబట్టి, అంతే జబ్బుగా ఉన్నా వాళ్లు ఆరోగ్యవంతులుగా కనిపించారు. ఆ తప్పు సరిచేస్తే, సాయం అందాల్సినవారిలో నల్లజాతివారు 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతారని తేలింది. ఆసుపత్రి గడప ఎక్కలేనివాణ్ని యంత్రం ఆరోగ్యవంతుడని రాసేసింది. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు మరో పని చేయబుద్ధి కాలేదు.

ఇప్పుడు కామ్డెన్ సంగతి. న్యూజెర్సీలోని ఆ పేద పట్టణంలో జెఫ్రీ బ్రెన్నర్ అనే డాక్టరు ఆసుపత్రుల బిల్లులు ముందేసుకుని చూశాడు. ఒక శాతం రోగులకే 30 శాతం ఖర్చవుతోంది. వాళ్ల ఇళ్లకు నర్సులను, సామాజిక కార్యకర్తలను పంపాడు. మందులు సర్దారు, డాక్టరు దగ్గరకు వెంట వెళ్లారు. మొదటి 36 మంది ఆసుపత్రి రాకపోకలు దాదాపు 40 శాతం తగ్గాయి. 2011లో ఈ కథ దేశమంతా పాకింది. నేనూ సంతోషంగా రాశాను. ఆ సాయం అందనివారు ఏమయ్యారని అడగలేదు.

ఆ ప్రశ్న కామ్డెన్ బృందమే వేసుకుంది. పరిశోధకులను పిలిచి, 800 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీయడానికి ఒప్పుకుంది. 2020 జనవరిలో ఫలితం వచ్చింది. ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు సాయం అందినవారిలో 62.3 శాతం, అందనివారిలో 61.7 శాతం. ఆ అదనపు సాయం లేకుండానే రెండో గుంపులోనూ మునుపటితో పోలిస్తే చేరికలు దాదాపు అంతే తగ్గాయి. జ్వరం బాగా కాస్తున్న రోజున మనిషిని ఎంచుకుంటే, మందు వేసినా వేయకపోయినా నాలుగు రోజులకు కొంత తగ్గి ఉంటుంది. తగ్గినదంతా మన మందు మహిమ అనుకుంటాం.

దీన్ని ఓటమి అని రాయకు. తమ మంచిపనిని తామే పరీక్షకు పెట్టినవారి ధైర్యం నేను ఎక్కడా అంతగా చూడలేదు. ఇల్లు లేనివాడికి, మత్తు వదిలించే చికిత్స దొరకనివాడికి వెంట నడిచే నర్సు ఒక్కతే ఎంత చేయగలదన్నది అక్కడి నుంచి పుట్టే ప్రశ్న. నీ వ్యాసానికి నడిమి భాగం అదే కావాలి.

ఇక నీ చివరి పేరా. డిశ్చార్జి అయిన 30 రోజుల్లో రోగులు మళ్లీ ఎక్కువగా చేరితే మెడికేర్ 2012 అక్టోబరు నుంచి ఆసుపత్రికి ఇచ్చే డబ్బులో కోత వేస్తోందనీ, దానివల్ల చేరికలు తగ్గాయనీ రాసి ముగించావు. తగ్గిన మాట నిజం. అయితే ఆ కాలంలోనే గుండె వైఫల్యం, న్యుమోనియా రోగుల్లో ఇంటికి వెళ్లాక మరణాలు పెరిగాయని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. కోత వల్లనేనా అన్నదానిపై వాదం తెగలేదు. ఆ వాదాన్ని వాదంగానే రాయి.

నువ్వు ఉదాహరణగా తీసుకున్న పెద్దాయన కూడా మళ్లీ ఆసుపత్రికి రాలేదని మెచ్చుకుంటూ రాశావు. ఆయన కుదుటపడి రాలేదా, బిల్లుకు భయపడి రాలేదా, అసలు బతికే ఉన్నాడా? ఆ ఇంటికి ఫోను చేసి కనుక్కో. తర్వాత రెండో ప్రతి పంపు, ఎదురుచూస్తుంటాను.