జింక్ ఆపితే తిరగబెట్టే పుండ్లు

ప్రశ్న: మా పాపకు 10 నెలలు, బరువు 7 కిలోలు. ఏడో నెలలో చనుబాలు మాన్పించిన కొద్ది వారాలకే నోటి చుట్టూ, పిరుదుల మీద, వేళ్లకు ఎర్రటి పుండ్లు లేచాయి. జుట్టు ఊడింది, విరేచనాలు పట్టుకున్నాయి. మా అత్తయ్య అక్కి రాయించారు, తగ్గలేదు. విరేచనాలకని ఆశా కార్యకర్త ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చిన జింక్ మాత్రలు 14 రోజులు వాడితే చర్మం కూడా బాగుపడింది. ఆపాక మళ్లీ మొదలైంది. నెల్లూరులో చూపిస్తే ‘ఆక్రోడెర్మటైటిస్ ఎంటెరోపతికా’ అన్నారు. అత్తయ్యకు నేను సొంత మేనకోడలిని. మా మెట్ట నీళ్లలోని ఫ్లోరైడే దీనికి కారణమా? మల్టీవిటమిన్ సిరప్ పోస్తే చాలదా?
— ఒక తల్లి, ఉదయగిరి

జవాబు: మాత్రలు ఆపాక పుండ్లు తిరగబెట్టాయని మీరు గమనించడం మంచిదైంది, మీ డాక్టరుగారి నిర్ధారణకు అది గట్టి ఆధారం. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది గానీ ఈ పుండ్లకు కారణం కాదు. ఆహారంలోని జింక్‌ను పేగుల నుంచి లోపలికి చేరవేసే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపంతో సంక్రమించినప్పుడు ఈ వ్యాధి వస్తుంది, మేనరికాలలో ఆ అవకాశం ఎక్కువ. చనుబాలలోని జింక్ సులువుగా ఒంటబడుతుంది కనుక పాలు మాన్పించేదాకా జబ్బు బయటపడలేదు.

ఒకప్పుడు ఈ పిల్లలలో చాలామంది దక్కేవారు కారు. 1970లలో బ్రిటన్ వైద్యుడు మొయ్నహన్ జింక్ లోపమే దీనికి మూలమని చూపడంతో పరిస్థితి మారింది. కాబట్టి మీ పాపకు కావలసింది పది విటమిన్ల సిరప్ కాదు, సరిపడా జింక్. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల అసలు జింక్‌తో మొదలుపెడతారు. మీ పాపకు అది 21 మిల్లీగ్రాములు అవుతుంది. సీసా మీద జింక్ సల్ఫేట్ బరువు వేరుగా, అందులోని జింక్ బరువు వేరుగా ఉండవచ్చు కనుక ఏది లెక్కో డాక్టరుగారిని అడిగి రాయించుకోండి. ఐరన్, కాల్షియం మందులను, రాగి జావను, పప్పును ఈ మందుతో కలిపి ఇవ్వకండి. గుడ్డు, చేప మంచివే గానీ అవి మందుకు బదులు కావు.

విరేచనాలు కొద్ది రోజుల్లోనే కట్టుకుంటాయి, చర్మం ఒకటి రెండు వారాల్లో తేరుకుంటుంది, జుట్టుకు ఇంకా సమయం పడుతుంది. బాగుపడిందని మాత్రం ఆపకూడదు. ఇది జీవితాంతం వాడవలసిన మందు, బరువు పెరిగేకొద్దీ మోతాదు సరిచూడాలి. మోతాదు మించితే ఒంట్లో రాగి తగ్గి (లోహం సంగతి చెబుతున్నాను, జావ కాచే రాగులు కావు) రక్తహీనత వస్తుంది కనుక జింక్‌తో పాటు రాగికి కూడా రక్తపరీక్ష అప్పుడప్పుడు చేయించాలి. ఇక మరో బిడ్డను కోరుకుంటే, ప్రతి కాన్పులోనూ ఈ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. ముందుగానే డాక్టరుగారికి చెప్పండి.